కందిగింజంత సెన్సర్... మూడు చెరువుల నీళ్లు!

ఏసీ ఆన్‌లోనే ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. రిమోటులో 24 కనిపిస్తూనే ఉంటుంది. గది మాత్రం చల్లబడదు! 'గ్యాస్ అయిపోయింది', 'బోర్డు పోయింది' అనగానే కంగారుపడి వేలకు వేలు తీసివ్వక్కర్లేదు. అసలు దొంగ వందా రెండొందలకు దొరికే చిన్న సెన్సర్ కావచ్చు. దాన్ని పట్టుకోవడం మరీ పెద్ద విద్యేం కాదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లున్న ఇళ్లు ఇప్పుడు తక్కువ. వాటి బదులు ఏసీలున్నాయి. అవి మొరాయించేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇక రెంటచింతలలోనో రామగుండంలోనో అయితే చెప్పేదేముంది... బయట నిప్పుల కొలిమి, లోపల ఆవిరి గది. ఇంట్లో చంటిపిల్లలో, మంచం పట్టిన పెద్దవాళ్లో ఉంటే అది సుఖానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. 2015 మేలో వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోతే వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే.

అందుకే ఏసీ ఆగిందంటే ఇంటిల్లిపాదికీ కంగారు. ఆ కంగారులోనే అనవసర ఖర్చులు జరిగిపోతుంటాయి. మెకానిక్ వస్తాడు. 'గ్యాస్ తక్కువైంది సార్' అంటాడు. ఎక్కించాక రెండ్రోజులు బాగానే ఉన్నట్టు ఉంటుంది. మూడోరోజు మళ్లీ మొదటికే వస్తుంది. ఈసారి వచ్చినతను 'బోర్డు పోయింది మేడమ్, మార్చాల్సిందే' అంటాడు. దానికి ఇంకొన్ని వేలు. అతనే కొత్త బోర్డుతోపాటు కొత్త సెన్సర్లూ తగిలిస్తాడు. ఏసీ చల్లగా పనిచేస్తుంది. బాగుపడింది బోర్డు వల్లనా, సెన్సర్ వల్లనా? ఆ సంగతి ఎవరూ అడగరు!

ఇందులో ప్రతిసారీ మోసమే ఉంటుందనుకోవడమూ అన్యాయమే. మండుటెండలో ఇంటింటికీ తిరుగుతూ, మూడో అంతస్తు పిట్టగోడ మీద నిలబడి పనిచేసే మనిషికి ఒక్కో ఇంటి దగ్గర గంటసేపు కూర్చుని కొలతలు తీసే తీరిక ఉండదు. అనుమానం ఉన్న భాగాన్ని మార్చేయడం తేలిక. అయితే దాని ఖరీదు కట్టేది ఇంటివాళ్లు. కాబట్టి కాస్త తెలుసుకోవాల్సిందీ వాళ్లే.

గదికొకటి... గొట్టానికొకటి

పాత విండో ఏసీల్లో గుండ్రటి నాబ్ ఉండేది. దాని వెనక సన్నటి రాగి గొట్టం, చివర ఓ చిన్న బల్బు. అందులోని వాయువు వేడికి వ్యాకోచిస్తే స్విచ్చి పడేది, చల్లబడితే తెగేది. మోటుగా ఉన్నా మొండిది. రిమోటు వచ్చాక ఆ పని సెన్సర్ల చేతికి వెళ్లింది.

ఇప్పటి స్ప్లిట్ ఏసీలో ఇండోర్ యూనిట్ ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తీస్తే, అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగా పేర్చిన జల్లెడ లాంటిది కనిపిస్తుంది. అదే కూలింగ్ కాయిల్. దాని ముందు చిన్న ప్లాస్టిక్ క్లిప్పులో, సన్నటి జంట తీగ చివర, కందిగింజంత నల్లటి బొట్టు ఒకటి ఉంటుంది. అది రూమ్ సెన్సర్. లోపలికి పీల్చుకునే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పడం దాని పని. రెండోది కాయిల్ సెన్సర్. ఇది చిన్న రాగి తొడుగులో ఉంటుంది. కాయిల్ గొట్టానికి అతికించిన మరో పొట్టి గొట్టంలో దీన్ని దూరుస్తారు. కాయిల్ గడ్డకట్టే దాకా వస్తే 'ఇక ఆపు' అని కంప్రెసర్‌ను ఆపించేది ఇదే.

ఇన్వర్టర్ ఏసీ అయితే బయటి యూనిట్లోనూ సెన్సర్లుంటాయి. బయటి గాలికి ఒకటి, అక్కడి కాయిల్‌కు ఒకటి, కంప్రెసర్ నుంచి సలసలా కాగుతూ వచ్చే గొట్టానికి ఒకటి. మూడోది మరీ ముఖ్యం. ఆ గొట్టం హద్దు మీరి వేడెక్కితే కంప్రెసర్ కాలిపోకుండా కాపాడేది అదే.

వీటన్నిటి మాట వినేది బోర్డు. గది చల్లబడిందా లేదా అన్నది దానికి సొంతంగా తెలియదు. సెన్సర్ ఏం చెబితే అదే నమ్ముతుంది. తప్పు చెబితే తప్పే చేస్తుంది!

వేడికి తగ్గే అడ్డు

ఈ నల్లబొట్టు అసలు పేరు థర్మిస్టర్. మామూలు లోహపు తీగ వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. దీంట్లో తగ్గుతుంది. ఈ విచిత్రాన్ని 1833లోనే మైకేల్ ఫారడే వెండి సల్ఫైడులో గమనించాడు. మార్కెట్లో పనికొచ్చే థర్మిస్టర్ మాత్రం 1930లో అమెరికాకు చెందిన శామ్యూల్ రూబెన్ చేతుల్లో తయారైంది. దాదాపు వందేళ్లు అన్నమాట!

అడ్డును కొలిచేది ఓముల్లో. వెయ్యి ఓములు ఒక కిలో ఓమ్. మెకానిక్కులు 'కే' అనేది దీన్నే. ఏసీల్లో 5కే, 10కే, 15కే, 20కే సెన్సర్లు ఎక్కువగా వాడతారు. 10కే సెన్సర్ అంటే 25 డిగ్రీల దగ్గర దాని అడ్డు 10 కిలో ఓములన్నమాట. అదే మంచునీళ్లలో పెడితే రమారమి 32 కిలో ఓములకు పెరుగుతుంది. 35 డిగ్రీల గదిలో ఆరున్నరకు పడిపోతుంది. బోర్డు ఈ అడ్డును చూసి డిగ్రీలు లెక్కకట్టుకుంటుంది.

అందుకే సెన్సర్ మార్చేటప్పుడు 'ఏదో ఒకటి వేసేయ్' అంటే కుదరదు. 5కే ఉండాల్సిన చోట 10కే తగిలించారనుకోండి. గది 25 డిగ్రీలున్నా బోర్డుకు సుమారు పదే కనిపిస్తుంది. ఇంత చలిలో ఏసీ ఎందుకని కంప్రెసర్‌ను కదలనివ్వదు. 10కే బదులు 5కే పెడితే కథ తలకిందులు. అదే గది దానికి నలభై దాటినట్టు కనిపిస్తుంది. ఇక ఆపడమే ఉండదు. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ కొత్తదే, మంచిదే!

తెగితే నయం... తడబడితేనే తంటా

సెన్సర్ తీగ పూర్తిగా తెగిపోతేనో, రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకుపోతేనో ఒకరకంగా అదృష్టమే. అలాంటి కొలత ఏ వాతావరణంలోనూ రాదని బోర్డుకు తెలుసు. వెంటనే ఏసీని ఆపేసి, తెర మీద ఈ1, ఎఫ్1 లాంటి గుర్తు చూపిస్తుంది. తెర లేని ఏసీల్లో లైటు ఇన్నిసార్లని లెక్కగా మిణుకుమిణుకుమంటుంది. ఆ గుర్తుల అర్థం కంపెనీకో రకం. ఒకరి ఈ1 రూమ్ సెన్సర్ అయితే, ఇంకొకరి ఈ1 మరేదో అవుతుంది. కాబట్టి పక్కింటివాళ్ల అనుభవం ఇక్కడ పనికిరాదు. ఏసీతో వచ్చిన పుస్తకమే చూడాలి. చాలా ఇళ్లలో అది అటక మీద అట్టపెట్టెలో భద్రంగా ఉంటుంది, ఎవరికీ అందకుండా!

చిక్కల్లా సెన్సర్ చావకుండా, బతక్కుండా తడబడుతున్నప్పుడే. ఏ గుర్తూ రాదు. ఏ లైటూ వెలగదు. సముద్రం గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుం పడుతుంది. ఆ చిలుము అడ్డుకు ఇంకో ఒకటిన్నర కిలో ఓములు కలిపితే, 10కే సెన్సర్ గదిని ఉన్నదానికంటే సుమారు మూడు డిగ్రీలు చల్లగా చూపిస్తుంది. 24 పెట్టినా 27 దగ్గరే కంప్రెసర్ ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు 22 పెడతారు, తర్వాత 20, ఆ తర్వాత 18. ఏసీ పాతబడిందిలే అని సరిపెట్టుకుంటారు.

దీనికి రివర్సు కూడా ఉంది. నల్లబొట్టులోకి తేమ దూరితే అడ్డు తగ్గుతుంది. అప్పుడు గది ఉన్నదానికంటే వేడిగా ఉన్నట్టు బోర్డు భ్రమపడుతుంది. చల్లగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తెల్లవారుజామున దుప్పటి మీద దుప్పటి కప్పుకొంటారు, అంతే. నెలాఖరున మీటరే ఆ సంగతి చెబుతుంది. ఏసీని ఒక డిగ్రీ పెంచుకుంటే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఎప్పటినుంచో చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలన్న నిబంధన వచ్చిందీ అందుకే. మరి సెన్సర్ రెండు డిగ్రీలు తప్పు చెబితే? 24 మీద పెట్టి 22కు కరెంటు కట్టినట్టే. బిల్లులో ఏసీ వాటా రెండువేలు అనుకుంటే, నెలకు రెండొందల పైచిలుకు అదనం. ఆ డబ్బుతో ప్రతినెలా ఓ కొత్త సెన్సర్ కొనుక్కోవచ్చు!

సర్వీసింగ్ చేయించాకే తేడా వచ్చిందా?

సెన్సర్లు వాటంతట అవి పాడైపోవడం ఉంది. ఎలుకలు తీగలు కొరకడమూ ఉంది. కానీ ఎక్కువ అనుమానించాల్సింది మొన్నటి సర్వీసింగ్‌ను. ప్రెషర్ పంపుతో కాయిల్ కడిగేటప్పుడు సెన్సర్లను బయటికి లాగుతారు. కడిగాక హడావుడిలో రూమ్ సెన్సర్ క్లిప్పులోకి వెళ్లదు, జారి కాయిల్‌కు ఆనుకుంటుంది. ఇంకేముంది... చల్లటి కాయిల్‌నే గది అనుకుంటుంది. ఏసీ వేసిన ఐదు నిమిషాలకే గది చల్లబడిపోయిందని తీర్మానించేస్తుంది.

కాయిల్ సెన్సర్ గొట్టంలోకి వెళ్లకుండా గాల్లో వేలాడితే మరో ముచ్చట. కాయిల్ మీద ఐసు పేరుకుంటున్నా దానికి తెలియదు. పొద్దున్నే మూత ఎత్తి చూస్తే తెల్లటి ఐసు గోడ, కింద నీళ్ల మడుగు. కొన్ని మోడళ్లలో ఇంకో చిత్రం జరుగుతుంది. కంప్రెసర్ నడుస్తున్నా కాయిల్ చల్లబడటం లేదని బోర్డు అనుకుని 'గ్యాస్ లేదు' అన్న గుర్తు చూపిస్తుంది. అనుభవమున్న మెకానిక్ కూడా బోల్తా పడేది ఇక్కడే. సర్వీసింగ్ చేసిన వారంలోపు తేడా వస్తే, మరో ఆలోచన లేకుండా ముందు సెన్సర్లు వాటి చోట ఉన్నాయో లేదో చూడమనాలి. సగం కేసులు ఖర్చు లేకుండా తేలేది అక్కడే.

స్క్రూడ్రైవర్ పట్టకముందే...

బయటి యూనిట్ దగ్గర చెవి పెడితే చాలా సంగతులు తెలుస్తాయి. గది వేడిగా ఉంది, అయినా కంప్రెసర్ ఆగిపోయి ఉంది, లోపల ఫ్యాను మాత్రం తిరుగుతోంది... అంటే సెన్సర్ మీద అనుమానం పడాలి. (కంప్రెసర్‌కు కరెంటు అందించే కెపాసిటర్, రిలే లాంటివీ ఇందుకు కారణం కావచ్చు.) రిమోటులో 16 పెట్టి ఐదు నిమిషాలు ఆగాలి. ఒకసారి ఆగిన కంప్రెసర్ మళ్లీ మొదలవడానికి మూడు నిమిషాలు తీసుకోవడం మామూలే, దాన్ని జబ్బనుకోకూడదు. 16 పెట్టాక మొదలైందంటే కంప్రెసర్ బాగానే ఉందని, రూమ్ సెన్సర్ తేడాగా చెబుతోందని అర్థం.

కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది, గాలి మాత్రం చల్లగా రావడం లేదు... అప్పుడు సెన్సర్‌ను వదిలేసి గ్యాస్ వైపు, కాయిళ్ల మురికి వైపు చూడాలి. ఇక్కడ ఓ మాట. ఏసీలో గ్యాస్ వంటగ్యాస్ లాంటిది కాదు, వాడేకొద్దీ అయిపోవడానికి. సీలు వేసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ ఎక్కిస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే అవుతుంది. ఇన్వర్టర్ ఏసీల విషయంలో ఇంకో జాగ్రత్త. వాటి కంప్రెసర్ ఆగిపోకుండా వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంటుంది. 'కటాఫ్ అవడం లేదు' అని వాటిని అనుమానించకూడదు.

ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక కాయిల్ నిజంగానే గడ్డకడుతుంది. కాయిల్ సెన్సర్ నిజం చెప్పి కంప్రెసర్‌ను ఆపిస్తుంది. అప్పుడు సెన్సర్‌ను మార్చడమంటే రాయబారి తల తీయడమే! ముందు ఫిల్టర్ కడిగి చూడాలి. అందంగా ఉంటుందని ఏసీ చుట్టూ చెక్కపని చేయించిన ఇళ్లలో, కర్టెన్ రాడ్డు అడ్డొచ్చే గదుల్లో చల్లగాలి బయటికి పోకుండా తిరిగి పైనుంచి ఏసీలోకే వెళ్తుంది. అక్కడా సెన్సర్ తప్పేం లేదు. దాని చుట్టూ నిజంగానే చల్లగా ఉంది, మంచం దగ్గరే లేదు. కొన్ని ఏసీల రిమోటులోనూ ఓ సెన్సర్ ఉంటుంది. 'ఐ ఫీల్', 'ఫాలో మీ' లాంటి పేర్లతో ఉండే బటన్ పొరపాటున నొక్కితే ఏసీ రిమోటు చెప్పిందే వింటుంది. ఆ రిమోటును టీవీ సెట్‌టాప్ బాక్సు మీద పెడితే గది ఎంత చల్లబడినా చాలదు.

మల్టీమీటరు ఉంటే తేలిపోతుంది

ఇంట్లో కాస్త ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్లుంటే ఇండోర్ సెన్సర్లను కొలవొచ్చు. ముందు ఎంసీబీ ఆఫ్ చేయాలి. రిమోటుతో ఆపితే చాలదు, ఇండోర్ బోర్డుకూ 230 వోల్టుల కరెంటు వస్తుంది. ఇక బయటి యూనిట్ జోలికి అస్సలు వెళ్లకూడదు. ఇన్వర్టర్ ఏసీ బోర్డు మీది కెపాసిటర్లలో స్విచ్చి ఆపాక కూడా కాసేపు 300 వోల్టుల దాకా నిల్వ ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లదే.

కొలవడానికి మంచి సమయం పొద్దున్నే, ఏసీ ఆపి మూడు నాలుగు గంటలయ్యాక. అప్పటికి గదీ కాయిలూ ఒకే వేడికి వచ్చి ఉంటాయి. సెన్సర్ కనెక్టర్‌ను బోర్డు నుంచి తీగలు పట్టి కాకుండా ప్లగ్గు పట్టి లాగాలి. మల్టీమీటరును కిలో ఓముల మీద పెట్టి రెండు పిన్నులకూ ఆనించాలి. రెండు సెన్సర్లూ ఒకే 'కే'వి అయితే రెండూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒకటి పది, ఇంకొకటి పద్నాలుగు చూపిస్తే ఏదో ఒకటి అబద్ధం చెబుతున్నట్టే. ఏదో తేల్చడానికి నల్లబొట్టును గుప్పిట్లో పట్టుకోవాలి. అంకె మెల్లగా, నిలకడగా దిగాలి. దిగకపోయినా, ఎగుడుదిగుడుగా గెంతినా అదే దోషి. ఇంకా అనుమానముంటే చిన్న ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐసునీళ్లలో ముంచాలి. 25 డిగ్రీల దగ్గర చూపేదానికి మూడింతల పైన చూపించాలి. కదలకపోతే దాని పని అయిపోయినట్టే. పారేసేముందు మాత్రం పిన్నులను ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రంచేసి మరోసారి కొలవడం మంచిది. చిలుము వదిలితే సెన్సర్ మళ్లీ దారికి రావచ్చు.

రెండు సెన్సర్లూ అన్ని పరీక్షల్లోనూ నెగ్గి, అయినా అదే గుర్తు వస్తుంటే అప్పుడు బోర్డును అనుమానించడంలో న్యాయముంది.

రెసిస్టర్ వైద్యం వద్దు

సెన్సర్ దొరకలేదనో, పని తొందరగా తెమలాలనో కొందరు ఓ చిట్కా వాడతారు. సెన్సర్ స్థానంలో స్థిరమైన అడ్డు ఉండే చిన్న రెసిస్టర్ కలిపేస్తారు. ఎర్రర్ పోతుంది, గది చల్లబడుతుంది, అందరూ సంతోషం. కానీ ఆ ఏసీకి ఇక కాలం కదలదు. ఎండాకాలమైనా అర్ధరాత్రైనా దానికి ఒకే ఉష్ణోగ్రత. రూమ్ సెన్సర్ బదులు పెడితే కరెంటు బిల్లుతో పోతుంది. కాయిల్ సెన్సర్ బదులు పెడితే ఐసు పట్టి, ద్రవంగా ఉన్న గ్యాస్ కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్ని దెబ్బతీయొచ్చు. బయట కంప్రెసర్ గొట్టం సెన్సర్ బదులు పెడితే మరీ ప్రమాదం. సెన్సర్ వచ్చేదాకా ఒకటి రెండు రోజులకైతే ఏమోగానీ, అలాగే వదిలేస్తే కంప్రెసర్ ఖరీదుకు సిద్ధపడాల్సిందే. రిపేరు అయ్యాక 'కొత్త సెన్సర్ వేశారా, రెసిస్టర్ పెట్టారా బాబూ?' అని అడగడానికి మొహమాటపడకూడదు. తీసిన పాత భాగం చేతికివ్వమనాలి.

ఆ పాతదానితో ఇంకో ఉపయోగమూ ఉంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లోనో, ఊళ్లోని ఏసీ స్పేర్‌పార్టుల దుకాణంలోనో సెన్సర్ అడిగితే మొదటి ప్రశ్న 'ఎంత కే?' అనే. ఏసీ మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని, పాత సెన్సర్ పట్టుకెళ్తే గొడవుండదు. తీగ పొడవు, కనెక్టర్ సైజు, చివర నల్లబొట్టా రాగి తొడుగా అన్నదీ సరిచూసుకోవచ్చు. వారంటీలో ఉన్న ఏసీ అయితే మాత్రం ఇవేవీ సొంతంగా చేయకుండా కంపెనీ సర్వీసుకే ఫోన్ చేయాలి. బిల్లు మీద 'సెన్సర్ మార్పు' అని, ఏ సెన్సరో, ఎంత కేనో రాయించుకుంటే వచ్చే వేసవిలో ఎవరొచ్చినా వెతుకులాట మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు.